మూడో రీలుకు ముందు నాలుగోది

అన్నయ్య పోయిన రోజు సోమవారం. తొమ్మిదేళ్లుగా మూతపడి ఉన్న సినిమా హాలుకు ప్రతి సోమవారం వెళ్లి, తుప్పు పట్టకుండా ప్రొజెక్టరుకు నూనె వేసి వచ్చేవాడు. ఆ రోజు మెట్ల మీదే కూలబడ్డాడు. నూనె డబ్బా చేతిలోనే ఉంది.

నాలుగు నెలల తర్వాత ఊరివాళ్లు తలా ఒక చెయ్యి వేసి హాలు బాగుచేశారు. ముప్పై ఒక్క ఏళ్లు ఆపరేటరుగా పనిచేసిన అన్నయ్య పేరు బోర్డు మీద పెడుతున్నారు. దాని కింద ఒక వాక్యం రాసిమ్మని, ఒకప్పుడు గేటు దగ్గర టిక్కెట్లు చింపిన పెద్దాయన మా ఇంటికి వచ్చాడు.

“హాలు తెరవగానే వేసే మొదటి ఆట ఏదో తెలుసా టీచరమ్మా? మీ అన్న తలకిందులు చేసిన బొమ్మే.”

అది అన్నయ్యకూ నాకూ మధ్యే ఉన్న రహస్యమనుకున్నాను. ఉద్యోగంలో చేరిన మొదటి వారం అన్నయ్య పొరపాటున మూడో రీలుకు ముందు నాలుగోది ఎక్కించాడు. నాలుగో రీలులో కథానాయకుడి తండ్రి చనిపోతాడు. మూడో రీలులో ఇంటిల్లిపాదితో కూర్చుని భోంచేస్తాడు. ఆ చావు కల కాబోలనుకుని జనం చప్పట్లు కొట్టారు. మర్నాడు సరిచేసి వేస్తే, రెండోసారి వచ్చినవాళ్లు పోయిన తండ్రి ఇంకా తిరిగి రాడేమని గొణిగారు. దాంతో బొమ్మ ఆడినన్నాళ్లూ తప్పు వరుసలోనే వేశాడు. ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. చివరిదాకా సిగ్గుపడ్డాడు.

“మీకెలా తెలుసు?”

“మా బావమరిది పక్కూళ్లో అసలు వరుసలో చూసొచ్చాడుగా. వారం తిరక్కుండా ఊరంతా తెలిసింది. కొత్త కుర్రాడు, బెదిరిపోతాడని ఎవరూ నోరెత్తలేదు. అయినా పోయిన మనిషి వచ్చి అన్నం తింటుంటే ఎవరికి చేదు? మా ఆవిడ నాలుగుసార్లు చూసింది. నా మొహం అన్నిసార్లు చూసిందో లేదో.”

“అన్నయ్యతో ఒక్కమాట చెప్పి ఉండాల్సింది.”

పెద్దాయన తన చెప్పుల వైపు చూసుకున్నాడు. “చెబుదామనే అనుకునేవాళ్లం.”

ఇప్పుడు రీళ్లు లేవు, బొమ్మంతా కంప్యూటరులోనే. దాన్ని నడిపేది టైలరు గారి కోడలు. “ఏ వరుసలో వెయ్యమంటారు టీచర్‌గారూ?” అని అడిగింది.

ముప్పై ఏళ్లు పిల్లల తప్పుల కింద ఎర్రగీతలు గీసినదాన్ని. “మా అన్నయ్య వేసినట్టే వెయ్యమ్మా,” అన్నాను.

ఆదివారం మధ్యాహ్నం హాలు నిండింది. తెర మీద తండ్రి చనిపోయాడు. ఎవరూ కదలలేదు. కాసేపటికి ఆయన తలుపు తీసుకుని వచ్చి, చేతులు కడుక్కుని, భోజనానికి కూర్చున్నాడు. నా వెనక ఎవరో మెల్లగా “వచ్చాడు” అన్నారు.

బోర్డు గోడకు బిగించారు. అన్నయ్య పేరు కింద వాక్యం నేనింకా రాయలేదు.