మినిట్సమ్మ అక్కగారు

నగరసభలో ఆవిణ్ణి అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. మేయరు దగ్గర్నుంచి మెట్లు కడిగే ఆవిడ దాకా అందరికీ ఆవిడ మినిట్సమ్మే. నెలనెలా రెండో మంగళవారం పొద్దున పదిన్నరకి సమావేశం. మేయరు కుర్చీకి ఎడమ పక్కన చిన్న బల్ల వేసుకుని కూర్చుని, ఎవరేం ప్రతిపాదించారో, ఎవరు బలపరిచారో, చివరికేం తేలిందో రాయడం ఆవిడ పని. ఇరవై మూడేళ్ళుగా అదే పని, అదే బల్ల.

ఎవరెవర్ని ఏమని తిట్టారో రాయకపోవడం కూడా ఆ పనిలో భాగమే. ఇద్దరు సభ్యులు బల్లలు చరిచి గొంతులు పోయేలా గంటసేపు పోట్లాడుకున్నా, ఆవిడ పుస్తకంలో అది "చర్చ అనంతరం ఆమోదం" అని మూడు మాటల్లో సర్దుకునేది. కొత్తగా చేరిన గుమాస్తాలకి మొదటిరోజే చెప్పేది: "మినిట్స్‌లో నిర్ణయాలుంటాయి. గొడవలూ ఏడుపులూ ఉండవు."

సభలో నోరు విప్పని ఆ మనిషి ఇంటికెళ్తే మాత్రం వసపిట్టే. వినడానికి అక్క ఉండేది. అక్క ఎనిమిదేళ్ళు పెద్ద. తల్లి పోయేనాటికి చెల్లెలికి పదకొండేళ్ళు. అక్క చదువు మానేసి కుట్టుమిషను ముందు కూర్చుంది, మళ్ళీ లేవలేదు. పెళ్ళి మాట ఇద్దరిలో ఎవరికీ కలిసిరాలేదు. దానికి ఇద్దరూ పెద్దగా బెంగపడిందీ లేదు. రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కిటికీ వారగా మిషను, పక్కన గుడ్డల బీరువా, గోడకి వీధిలో ఆడపిల్లలందరి కొలతలూ రాసిన కాగితాలు.

ఆ కిటికీలోంచి చూస్తే వీధి, వీధి అంచున పెద్ద కాలువ. వాన నీళ్ళు పోవడానికి తవ్వింది. పైన కాంక్రీటు పలకలు పరిచారు గాని, ఓసారి ఇటుకల లారీ ఎక్కి మలుపు దగ్గర నాలుగు పలకలు విరిగి లోపల పడ్డాయి. అక్కడ ఎవరో ఓ చెక్కా, ఓ ఖాళీ డ్రమ్మూ అడ్డం పెట్టారు. ఆ వార్డు సభ్యుడు ఒకప్పుడు కాలేజీలో పాఠాలు చెప్పిన పెద్దమనిషి, లెక్చరర్ గారంటారు. ఆయన పలకలు వేయించాలని సభలో అంశం పెట్టించాడు.

మొదటి నెల ఇంజనీరు నివేదిక రాలేదని వాయిదా. రెండో నెల అంశం వచ్చేసరికి సగంమంది భోజనాలకి లేచిపోయారు, సభకి సరిపడా జనం లేరు. మూడో నెల నుంచీ పనుల కమిటీ అధ్యక్షుడి చేతిలో పడింది. ఆయన చెడ్డమనిషి కాదు. కాకపోతే ఏ పనైనా ముందుకొస్తే "ఓసారి చూసొచ్చాక, తర్వాత చూద్దాం" అనేవాడు. చూసిరావడం మాత్రం ఉండేది కాదు. ఆఫీసంతా చాటున ఆయన్ని తర్వాత చూద్దాం గారనేవాళ్ళు.

మంగళవారం సాయంత్రం చెల్లెలు చెప్పులు విడవకముందే అక్క మిషను ఆపి అడిగేది.

"ఏమే, మా కాలువ గారి సంగతి ఏం తేలింది?"

"వాయిదా అక్కా."

"ఎవరి పుణ్యం?"

"ఇంకెవరు, తర్వాత చూద్దాం గారే."

"ఆయన్ని నా దగ్గరికి చొక్కా కుట్టించుకోడానికి పంపవే. రెండు చేతులూ కుట్టిచ్చి, వీపు సంగతి తర్వాత చూద్దామంటాను."

ఇద్దరూ కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వుకునేవాళ్ళు. చెప్పొద్దూ, ఆ కాలువ గురించి వాళ్ళెప్పుడూ భయపడలేదు. రోజూ పక్కనుంచే నడిచేవాళ్ళు కదా, ఎక్కడ ఏముందో కాళ్ళకి తెలుసనుకున్నారు.

ఆరోసారి వాయిదా పడిన మంగళవారం తర్వాత, గురువారం మధ్యాహ్నం కుండపోతగా వాన కురిసింది. గంటలో తుంపరకి తగ్గింది గాని వీధి మోకాళ్ళ దాకా నీళ్ళు. ఏది రోడ్డో, ఏది కాలువో ఎవరికీ తెలీలేదు. డ్రమ్మూ చెక్కా ఎప్పుడు కొట్టుకుపోయాయో ఎవరూ చూడలేదు. ఎదుటి వరసలో పాపకి మర్నాడు బళ్ళో ఫోటో తీస్తారట, సాయంత్రానికి గౌను ఇస్తానని అక్క మాటిచ్చింది. గౌను ప్లాస్టిక్ సంచిలో చుట్టి, చంకలో పెట్టుకుని, గొడుగు వేసుకుని దిగింది.

మినిట్సమ్మ ఆ సమయానికి ఆఫీసులో మినిట్స్ సాఫు రాస్తోంది. కూరగాయల మార్కెట్టు ఎన్నింటికి మూయాలో, ఆ అంశం మీద ఉంది. ఇస్త్రీ కొట్టతను ఫోను చేశాడు.

"అమ్మా, ఒకసారి ఇంటికి రండి."

"అక్కకి ఒంట్లో బాగాలేదా?"

"రండమ్మా. ముందు మీరు రండి."

ఆవిడ వెళ్ళేసరికి జనం నీళ్ళలో నిలబడి ఉన్నారు. ఇస్త్రీ అతను ఎదురొచ్చాడు. "గొడుగు కనబడిందమ్మా. నేను చూసేసరికి గొడుగొక్కటే కనబడింది," అని దాన్నే నాలుగుసార్లు అన్నాడు. చీకటి పడబోతుండగా రెండు వీధుల అవతల అక్క దొరికింది. గౌను సంచి చంకలో అలాగే బిగుసుకుపోయి ఉంది.

జరగవలసినవన్నీ జరిగాయి. వచ్చినవాళ్ళు వచ్చారు, ఏడ్చినవాళ్ళు ఏడ్చారు. మూడు వారాల తర్వాత ఆవిడ ఆఫీసుకి వచ్చి ఎప్పట్లాగే పెన్నులో సిరా నింపుకుంటుంటే కార్యదర్శి బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఈ సమావేశానికి మీరు రానక్కర్లేదమ్మా. ఇంకెవరినన్నా కూర్చోబెడతాను."

"ఇంట్లో కూర్చుని ఏం చేస్తానండీ?" అంది.

సభకి అంశాల పట్టిక ఆవిడే తయారుచేసింది. వాయిదా పడ్డ అంశం తనంతట తానే మళ్ళీ పట్టికలోకి వస్తుంది, అది నియమం. పదిహేడో అంశం: మలుపు దగ్గర కాలువకి పలకలు వేయించుట. టైపు చేస్తుంటే చేతులు వణకలేదు. వణికితే బాగుండుననిపించింది.

మంగళవారం ముప్పై ఎనిమిదిమంది సభ్యుల్లో ముప్పై ఒకరు వచ్చారు. హాజరు పిలిచారు. గత సమావేశపు మినిట్స్ ధ్రువీకరించారు. ఒకటో అంశం, రెండో అంశం, వరసగా నడిచాయి. పదిహేడు దగ్గరికి వచ్చేసరికి పనుల కమిటీ అధ్యక్షుడు తల వంచుకుని కాగితం అంచు మడుస్తూ కూర్చున్నాడు.

"పదిహేడు," అంది మేయరు. "ఆమోదమేనా?"

"ఆమోదం, ఆమోదం," అన్నారు అందరూ.

ఆరు నెలలు పట్టిన ముక్క అరనిమిషం కూడా పట్టలేదు. ఆవిడ రాసింది.

లెక్చరర్ గారు లేచాడు. "ఒక్కమాట. ఇది ఆరుసార్లు వాయిదా పడింది. ఏడోసారి ఆమోదం పొందడానికి ఒక మనిషి పోవాల్సి వచ్చింది. ఆ సంగతి మినిట్స్‌లో ఉండాలి."

కార్యదర్శి నియమాల పుస్తకం తిరగేశాడు. మేయరుకి ఎటూ పాలుపోలేదు. ఎడమ పక్కకి తిరిగి, మెత్తగా అడిగింది. "మినిట్సమ్మా, మీరేమంటారు?"

ఇరవై మూడేళ్ళలో ఆ సభలో ఆవిణ్ణి అభిప్రాయం అడగడం అదే మొదలు. అందరూ ఆవిడ వంకే చూస్తున్నారు. ఆవిడ నోట్లోంచి, అలవాటైన గొంతుతో, అలవాటైన మాటే వచ్చింది.

"నిర్ణయాలే రాస్తామండీ. మిగతావి రాసే వీల్లేదు."

లెక్చరర్ గారు చెంపదెబ్బ తిన్నవాడిలా కూర్చున్నాడు. పద్దెనిమిదో అంశానికి వెళ్ళారు, పార్కు గేటు ఎన్నింటికి మూయాలని. తర్వాత పంతొమ్మిదో అంశం. ఇరవయ్యో అంశం అయిపోయి మేయరు ఇరవయ్యొకటి అంటుంటే, ఆవిడ చెయ్యెత్తింది.

"క్షమించండి. ఇరవయ్యో అంశం ఏమైందో నేను వినలేదు."

ఎవరూ విసుక్కోలేదు. మేయరు ప్రతిపాదించిన వాళ్ళ పేరూ, బలపరిచిన వాళ్ళ పేరూ, చంటిపిల్లకి చెప్పినట్టు ఒక్కో మాటా నిదానంగా చెప్పింది. ఆ నిదానానికి ఆవిడకి గుండె చెరువైపోయింది. అయినా తల దించుకుని రాసింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి గడప లోపల నిలబడిపోయింది. ఎందుకలా అన్నాను? రాస్తానంటే నోరు పడిపోయేదా? అక్క ఉంటే నెత్తిమీద మొట్టి, "నీ నియమాలు నువ్వూనూ" అనేది. తప్పు చేసొస్తే తిట్టడానికైనా ఓ మనిషుండాలి కదా అని, చీర చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అక్క పోయాక అంత ఏడవడం అదే మొదలు.

మర్నాడు ఎదుటి వరస పాప తల్లి వచ్చింది. ఇదివరకే ఇచ్చిన ఇంకో గుడ్డ ఉండిపోయిందట. అడగలేక అడగలేక అడిగింది. మినిట్సమ్మ బీరువా తీసి వెతికి ఇచ్చింది. సగం కత్తిరించి ఉంది.

"మీకు కుట్టడం వచ్చాండీ?" అంది ఆ తల్లి.

"బొత్తాం పెట్టుకోవడం కూడా రాదమ్మా. నేర్పమని ఎన్నిసార్లడిగినా మిషను ముట్టుకోనిచ్చేది కాదు. పోయి చదువుకోవే అనేది."

ఆ తల్లి గుడ్డ గుండెలకి అదుముకుని వెళ్ళిపోయింది.

తొమ్మిది రోజుల్లో పలకలు పడ్డాయి. పనివాళ్ళు వచ్చారు, ఒక పూటలో వేసేసి వెళ్ళిపోయారు. ఒక పూట పని. వీధిలో జనం వాటిమీదుగా నడవడం మొదలుపెట్టారు. ఆవిడ మాత్రం చుట్టూ తిరిగి వెళ్ళేది.

మళ్ళీ రెండో మంగళవారం వచ్చింది. హాజరయ్యాక మేయరు ఎప్పట్లాగే, "గత సమావేశపు మినిట్స్ ధ్రువీకరించవచ్చా?" అంది. ఆ ప్రశ్నకి జవాబు కోసం ఎవరూ ఆగరు. మేయరు చెయ్యి అప్పటికే తర్వాతి కాగితం మీదుంది.

"ఒక సవరణ ఉంది," అన్నాడు పనుల కమిటీ అధ్యక్షుడు, లేచి నిలబడి.

కార్యదర్శి కళ్ళజోడు సర్దుకున్నాడు. "నిర్ణయం సరిగ్గానే నమోదైంది కదండీ?"

"నిర్ణయం సరైందే. దాని ముందుది లేదు. సభ్యుడు సవరణ కోరి, ఇంకొకరు బలపరిచి, సభ ఒప్పుకుంటే రాయాల్సిందే. ఆ నియమం ఈ మినిట్సమ్మే ఓసారి నాకు చెప్పింది."

"నేను బలపరుస్తున్నాను," అన్నాడు లెక్చరర్ గారు, కుర్చీలోంచి లేవకముందే.

ఎవరూ కాదనలేదు. అధ్యక్షుడు జేబులోంచి కాగితం తీశాడు. "రాసుకోండమ్మా," అని చదివాడు. "ఈ అంశం ఆరుసార్లు వాయిదా పడినది. అందులో నాలుగుసార్లు నా కోరిక మీద పడినది. నేను ఒక్కసారి కూడా ఆ స్థలం చూడలేదు. ఆరో వాయిదా తర్వాత రెండో రోజున ఆ కాలువలో పడి ఒకరు మరణించినారు." అక్కడ ఆగాడు. "ఆవిడ పేరూ, వయసూ వేయాలి. నాకు తెలీదు. రెండు నెలలై కూడా నేను తెలుసుకోలేదు. మీరే వేసుకోండమ్మా."

ఆవిడ రాసింది. మొదట అక్క పేరు, ఇంటిపేరుతో సహా. వయసు అరవై. తర్వాత ఎవరూ చెప్పకపోయినా, వృత్తి కుట్టుపని అని కూడా వేసింది. ఆ పుస్తకంలో ఎవరూ చెప్పని మాట రాయడం ఆవిడ ఉద్యోగంలో అదొక్కటే. అక్షరాలు అలుక్కుపోలేదు, గీత వంకరపోలేదు. "సవరణతో ధ్రువీకరించడమైనది" అని కింద రాసి, తర్వాతి అంశానికి పేజీ తిప్పింది.

సభ ముగిసేసరికి మధ్యాహ్నం రెండయింది. అందరూ వెళ్ళిపోయారు. బయట మెట్ల మీద అధ్యక్షుడు నిలబడి ఉన్నాడు, కారెక్కకుండా.

"అమ్మా, క్షమించమని అడిగే మొహం లేదు నాకు."

"అడక్కండి," అంది ఆవిడ. "క్షమించానంటే అబద్ధమవుతుంది. క్షమించలేదంటే ఆ మాట మీతోపాటు నేనూ మోయాలి. ఇప్పుడు నాకంత ఓపిక లేదండీ."

ఆయన తలూపాడు. రెండు మెట్లు దిగాడు, మళ్ళీ ఆగాడు.

"ఒక్కటడగనా? ఎలాంటి మనిషమ్మా ఆవిడ?"

ఈ రెండు నెలల్లో ఎంతమందో అడిగారు: ఎన్నింటికి పడింది, ఎవరు చూశారు, ఎంత లోతు, ఈత రాదా అని. ఎలాంటి మనిషని ఒక్కళ్ళూ అడగలేదు. పుస్తకాల సంచి ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూర్చుంది. ఆయన కూడా ఓ మెట్టు కింద, కాస్త ఎడంగా కూర్చున్నాడు.

"చారల గుడ్డ తెస్తే ఎవరికైనా విసుగండీ," అని మొదలుపెట్టింది. "జేబు మీద చారా, చొక్కా మీద చారా కలవాలంటే గుడ్డ బోలెడు పోతుంది. మామూలు దర్జీలు పట్టించుకోరు. మా అక్క మాత్రం నేలమీద పరిచి, దానిచుట్టూ మోకాళ్ళ మీద పాకుతూ గంటసేపు చూసేది. ఎవరు చూస్తారే అంటే, వేసుకున్నవాడు చూడడు గాని వాడికి ఎదురొచ్చినవాడు చూస్తాడు అనేది. కోపమెక్కువ. ఉప్పెక్కువైతే కంచం పక్కకి తోసేది, పావుగంటకి వచ్చి అదే తినేది. రాత్రుళ్ళు గురక. పోట్లాడేదాన్ని..."

ఆయన తొందరపెట్టలేదు. ముక్కు తుడుచుకుని, ఆవిడ మళ్ళీ చెప్పడం మొదలుపెట్టింది.