ముగ్గు చెరిగిన మూల

నేను ఒక చేపల తొట్టిని. అక్వేరియం అంటేనే మీకు తెలుస్తుందేమో. మనుషులు నా ముందు నిలబడి లోపలికి చూస్తారు. లోపలి నుంచి కూడా వాళ్ళను చూడవచ్చన్న సంగతి వాళ్ళకు తోచదు.

ఇసుకగా ఉన్నదాన్ని కొలిమిలో కరిగి పలకనయ్యాను. కాకినాడలో కరీముల్లాగారి అద్దాల కొట్టుకు చేరాను. ఆయన నన్ను ముక్కలుగా కోసి, అంచులు నునుపు చేసి, జిగురుతో అతికించారు. "జిగురు బాగా ఆరాలండి. వారం దాకా నీళ్ళు పొయ్యకండి," అని మరీమరీ చెప్పారు. కొన్నది పళ్ళ డాక్టరుగారు. మర్నాడే ఆయన ఆసుపత్రి ప్రారంభం. ముహూర్తం వేళకు తొట్టి ఖాళీగా ఉంటే ఏం బాగుంటుందని బిందెలతో నీళ్ళు పోయించారు. నా ఎడమ మూలలో జిగురు ఇంకా పచ్చిగానే ఉంది. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు.

బుగ్గలు పట్టుకుని వణికే రోగులకు అక్కడ కొన్నేళ్ళు కాలక్షేపం కలిగించాను. తర్వాత డాక్టరుగారు ఊరు మారుతూ నన్ను తన స్నేహితుడు వంశీధర్‌కు ఇచ్చేశారు. మూడో అంతస్తులో ఫ్లాటు. ఇంట్లో అతని తల్లి మంగాయమ్మగారు, భార్య హైమ, ఇంకా మాటలు సరిగా రాని కూతురు ఇందు. నాలో ఉన్నది ఒకే ఒక్క ఆస్కార్ చేప. అది ఈదే దర్జా చూసి జమీందారు అని పేరు పెట్టారు.

పిల్లకు జమీందారంటే ప్రాణం. పొద్దస్తమానం అరచేతులూ ముక్కూ నాకు ఆనించి కూర్చునేది, సరిగ్గా ఆ ఎడమ మూల దగ్గరే. ఆ మూల విడిపోతే పలక పిల్ల మీదే పడుతుంది. నాకు భయం వేసేది.

జమీందారు పెరిగి నాలో తిరగలేకపోతున్నాడని గోడ పొడుగునా కొత్త తొట్టి కొందామనుకున్నారు. అక్కడే తగువు మొదలైంది.

"గాజే కొందాం. ఎన్నేళ్ళయినా చెక్కుచెదరదు. యాక్రిలిక్ ఎంతైనా ప్లాస్టిక్కే కదా, గట్టిగా తుడిస్తే గీతలే గీతలు," అనేవాడు వంశీధర్.

"గీతలు పడితే పడనివ్వండి. మీ కూతురు స్టీలు గ్లాసు విసిరితే మీ గాజు ఆగుతుందేంటండీ? పైగా అంత బరువు మూడో అంతస్తుకి ఎవరు మోస్తారు?" అనేది హైమ.

పెళ్ళిచూపుల్లో పిల్ల ఎదుటే వంకలు పెట్టినట్టు, నా ఎదుటే నా జాతి గుణదోషాలు ఎంచేవారు. చివరికి మంగాయమ్మగారు తీర్పు చెప్పారు.

"ఏది కొంటారో మీరూ మీరూ తేల్చుకోండర్రా. ఏదైనా సరే, మూఢం పోయాకే. ఈలోగా కొత్త వస్తువు గడప దాటి రావడానికి వీల్లేదు."

నా ప్రాణం ఉసూరుమంది. ఎడమ మూల అప్పటికే చెమ్మగిల్లడం మొదలైంది. ఒక ముహూర్తం కోసం నన్ను తొందరపెట్టారు, ఇంకో ముహూర్తం కోసం ఇప్పుడు ఆగమంటున్నారు. నీళ్ళకు పంచాంగం తెలియదు కదా!

మంగాయమ్మగారు శుక్రవారం శుక్రవారం నా ముందు బియ్యప్పిండితో చిన్న ముగ్గు వేసేవారు. వేసిన కాసేపటికే ఎడమవైపు రేకు చెరిగిపోయేది.

"మళ్ళీ చెరిపేశావుటే, ఇందూ?" అని గద్దించేవారు. ఇందు తల అడ్డంగా ఊపేది. ఒకసారి చేతి మీద దెబ్బ కూడా తిన్నది. నోరు తెరిచి నిజం చెప్పలేనివాళ్ళం ఆ ఇంట్లో ఇద్దరమే.

తర్వాతి శుక్రవారానికి హైమ పిల్లను తీసుకుని పిఠాపురం పుట్టింటికి వెళ్ళింది. మంగాయమ్మగారు ముగ్గు వేసి, లోపలికి వెళ్ళి కాఫీ గ్లాసుతో వచ్చారు. ఎడమవైపు రేకు జావలా కరిగి ఉంది. ఇంట్లో పిల్ల లేదు. ఆవిడ గ్లాసు పట్టుకునే వంగి, నా మూలను వేలితో తడిమారు. వేలు తడిసింది.

సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది. బస్సు దిగి వచ్చిన ఇందు, తల్లి చెయ్యి విడిపించుకుని నా మీదికి పరుగెత్తుకొచ్చింది. మంగాయమ్మగారు కాఫీ గ్లాసు వదిలేసి పిల్లను ఒడిసిపట్టుకున్నారు.

"ఒరేయ్ వంశీ! తొట్టి ఊడిపోతోందిరా, నీళ్ళు తోడెయ్!"

"తోడితే చేపనెక్కడ పెడతామే? మూఢం పోయేదాకా కొత్తది తేవద్దన్నావు కదా!"

"మూఢం నా నెత్తిన పడనీ! అటక మీద ఇత్తడి గంగాళం దించు!"

గొట్టం వేశారు. బిందెలతో తోడారు. జమీందారు తోక కొట్టి, హైమను నిలువునా తడిపి, గంగాళంలో పడ్డాడు. మూల నుంచి కారే సన్నటి ధార వేలంత లావైంది. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటూ బిగబట్టాను. నీళ్ళు సగానికి దిగాక ఆ మూల తటాలున విడిపోయింది. ముందు పలక సరిగ్గా ఇందు కూర్చునే చోట పడి ముక్కలైంది. అక్కడ ఎవరూ లేరు.

మంగాయమ్మగారు పిల్లను గుండెకు హత్తుకుని ఏడ్చారు. "నిన్ను కొట్టానే నా తల్లీ," అన్నారు. యాక్రిలిక్ తొట్టి తెమ్మని ఆవిడే అన్నారు, నిండు మూఢంలో. నెల తిరక్కుండా దాన్ని పీచుతో బరబరా తోమిందీ ఆవిడే. ఇప్పుడు జమీందారు పొగమంచులో ఈదుతున్నట్టు కనిపిస్తాడు. వంశీధర్ నిట్టూరుస్తాడు.

నాలో మిగిలిన వెనక పలకను భోజనాల బల్ల మీద పరిచారు. ఇందు నామీద ముక్కు ఆనించి చేప కోసం వెతుకుతుంది. అయితే దానికంటే ముందు, అన్నం గిన్నె పట్టుకుని మంగాయమ్మగారు వస్తారు. నా నాలుగు మూలలూ వేలితో తడిమి, ఆ వేలును చూసుకుంటారు. తడి లేదని రూఢి అయ్యాకే పిల్లను పిలుస్తారు.