సగం మూసిన కన్ను

ఆ పొద్దు వాన కురిసి తెరిపిచ్చింది. తూర్పున మబ్బులు, రంగులో ముంచి ఆరేసిన నూలు చిలపల్లా ఎర్రగా వేలాడుతున్నాయి. కోదాడ పద్మశాలి వాడంతా వీధిలోనే ఉంది. రజాకార్ల గొడవలు సద్దుమణిగాక వచ్చిన మొదటి పటమాయె! కులకథను బొమ్మలుగా గీసిన ఆ పొడుగాటి గుడ్డను చిత్రకారుడు నకాషీ ఆగయ్య సూర్యాపేట నుంచి బండి మీద తెచ్చి, రెండు గుంజల మధ్య కట్టాడు.

పైన పులినెక్కిన కులమూలపురుషుడు భావనారుషి, కింద మగ్గాలు, నూలు కండెలు చుట్టే ఆడవాళ్లు. ఒక్కరికీ కనుపాపల్లేవు. కులం ముందర కనుపాపలు దిద్ది కళ్లు తెరిపించేదాకా అది ఉత్త గుడ్డే. అప్పటిదాకా వాడలో ఎవరూ ముద్ద ముట్టరు.

పద్మమ్మకు ఆకలే తెలియడం లేదు. రెండేళ్ల కింద చీరల మూటతో మిర్యాలగూడ సంతకు పోయిన పెనిమిటి మళ్లీ రాలేదు. ఇంట్లో ఫోటో అయినా లేదు. 'ఏదో ఒక మగ్గం మీద మా పిల్లల నాయనను కూసోబెట్టు' అని ఆగయ్యను ముందే బతిమాలుకుంది.

కులపెద్ద పుల్లయ్య ఒప్పుకోలేదు. "దేవుని పటంల మనిషినెట్ల ఎక్కిస్తవయ్యా?"

"కండెలు సుట్టే గా ముసలామె దేవతనా పెద్దయ్యా? మగ్గానికి మనిషి గావాలె గద!" అన్నాడు ఆగయ్య.

జనం గొల్లున నవ్వారు. పుల్లయ్య మీసం దువ్వాడు. "సరే. మేం గుర్తుపడితే ఉండనియ్. లేకుంటే గా మొకం మీద ఎర్రరంగు పూసి చెరిపెయ్యి."

డప్పు మోగింది. రుషి కళ్లు తెరిచాడు, పులి కళ్లు తెరిచింది. కుంచె కింది వరసకు దిగింది.

"ఎట్లుంటుండె అక్కా?" ఆగయ్య అడిగాడు.

"పొడుగు... నలుపు..." పద్మమ్మ చెయ్యెత్తి ఎత్తు చూపింది.

"గసొంటోళ్లు వాడ నిండ ఉన్నరు!" ఎవరో అరిచారు.

పద్మమ్మ చటుక్కున తన ఇంటి పంచలోకి ఉరికింది. మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంది. మెడ ఎడమకు వంచి, ఎడమ కన్ను సగం మూసి, పడుగు పోగుల్లోకి చూసింది. ఆగయ్య ఆమెనే చూస్తూ కుంచె కదిలించాడు, ఒక్కసారే.

"అరె! వీరమల్లు!" వీధి వీధంతా అరిచింది.

"తెగిన పోగు దేవులాడుతుండురా వాడు!" పుల్లయ్య గొంతు అందరికన్నా పైకి లేచింది. పద్మమ్మ తన నోటితో ఎన్నడూ పలకని పెనిమిటి పేరు ఇంటి చూరులకు తగిలి మోగింది.

పటం ఎదుటే విస్తళ్లు పరిచారు. పద్మమ్మకు పుల్లయ్యే జొన్నన్నం వడ్డించి, పచ్చిపులుసు పోసి, పక్కన కూర్చున్నాడు. ఆమె పటం వైపు ఒకసారి చూసి ముద్ద కలిపింది. ఆ తర్వాత అందరూ కలుపుకున్నారు.