మిషను మింగిన అక్షరం

మా ఆయన పెయింటరు. నిచ్చెన మీంచి పడి వెన్నుపాము దెబ్బతిని ఎనిమిది నెలలైంది. నడుం కింద కదలిక లేదు. పొద్దున లేస్తే ఆయన కాళ్ల దగ్గర కూర్చుని నేననేది ఒకటే మాట: "కదపండి." బతిమాలాను, తిట్టాను, అలిగి అన్నం మానేశాను. ఒక్క బొటనవేలు కదిలితే చాలు నాకు. అది నా మాట వింటేగా! పద్నాలుగేళ్ల కాపురంలో ఈయన మాత్రం ఏనాడు విన్నారు గనక.

వెన్నుపాము దెబ్బల మీద పరిశోధన చేస్తున్నాం, నెలనెలా ఎంఆర్ఐ తీస్తాం అని ఆసుపత్రివాళ్లంటే చేరాం.

"నలభై నిమిషాలు కదలకూడదు. కదిలితే బొమ్మ చెడిపోతుంది," అంది టెక్నీషియనమ్మ.

"ఆ పనిలో మా ఆయన్ని మించినవాళ్లు లేరమ్మా," అన్నాను.

చెవుల్లో బిరడాలు పెట్టి ఆయన్ని గొట్టంలోకి తోసింది. అద్దం ఇవతలి గదిలో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, రెండు నిమిషాలకోసారి మైకు నొక్కడం: "కాళ్లు కదపకండి సార్."

నాకు కడుపు మండిపోయింది. "కదపలేని మనిషికి ఎందుకమ్మా ఆ మాట?"

"రూలండీ. అందరికీ చెప్పాలి."

లోపల మిషను రేకులు బాదినట్టు మోగుతోంది. ఆవిడ ఏడోసారి చెప్పింది. తెర మీద బొమ్మ చెదిరిపోయింది.

"కదిలారు!" అని అరిచి మిషను ఆపేసింది. "ఎందుకు కదిపారు సార్?"

"మీరేగా ఇందాకట్నుంచి కదపండి, కదపండి అని ప్రాణం తీస్తున్నారు!" స్పీకర్లోంచి మా ఆయన గొంతు. "మా ఆవిడే మైకు లాక్కుందనుకున్నా. ఇక్కడా వదలదా అని ఒళ్లు మండి, ఉన్న బలమంతా పెట్టాను."

ఆ మోతలో 'కదపకండి' మధ్యనున్న 'క' ఎగిరిపోయింది.

అంతలో ఆయనే, చిన్న గొంతుతో, "నిజంగా కదిలిందా?" అన్నారు.

నేను మైకు లాగేసుకున్నాను. "ఏమండీ, ఇంకోసారి కదపండి!"

"వద్దు సార్, కదపకండి!"

"కదపండి!"

అద్దం అవతల, గొట్టంలోంచి బయటికున్న ఎడమ పాదం బొటనవేలు లేచింది. దించండన్నాను, దిగింది. మళ్లీ అన్నాను, మళ్లీ లేచింది. పెళ్లయ్యాక ఈయన నా మాట వినడం అదే మొదలు.

టెక్నీషియనమ్మ మొహం గంటు పెట్టుకుని కాగితం రాసి ముద్ర కొట్టింది. 'రోగి కదిలారు. పరిశోధనకు పనికిరారు.' కింద నన్ను సంతకం పెట్టమంది. కన్నీళ్లు పడి నా పేరు అలుక్కుపోయింది.

ఆవిడకి జాలేసింది. "ఏడవకండమ్మా. కదలకుండా పడుకోవడం నేర్పించి తీసుకురండి, మళ్లీ చూద్దాం."

"చస్తే నేర్పను," అన్నాను.