ఎర్రదానిలోని పాటలు

నేను ఒక నల్ల పెన్‌డ్రైవ్‌ని. నా పక్కన చిన్న మీట ఉంటుంది. అది వేస్తే నాలో ఉన్నది చదవగలరు గానీ, కొత్తగా ఒక్క అక్షరం కూడా ఎక్కించలేరు. వైరస్ కూడా నాలోకి దూరలేదు. ఏదో కర్మాగారంలో పుట్టి, ఒక కాలేజీ ల్యాబ్‌లో కొన్నాళ్లు నలిగి, చివరికి నరసరావుపేటలో కంప్యూటర్లు బాగుచేసే జిలానీ చేతికి వచ్చాను. అతను నాలో యాంటీవైరస్‌లు నింపి, మీట వేసి, తాళాలగుత్తికి తగిలించాడు. ఎన్ని కంప్యూటర్లకు ప్రాణం పోశానో. బాగయ్యాక అందరూ కంప్యూటర్‌నే తుడిచి ముద్దుచేస్తారు.

దానికి సర్దుకున్నాను. మిగతా పెన్‌డ్రైవ్‌ల వైభోగాన్నే చూడలేను. వాటిలో పెళ్లి ఫొటోలు, పసిపిల్లల నవ్వులు. నాలో చీపుర్లు.

ఒకరోజు మధ్యాహ్నం మేరీ సుహాసిని అనే పరిశోధక విద్యార్థిని ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. మెడలో తాడుకు ఒక ఎర్ర పెన్‌డ్రైవ్. చూడగానే నాకు ఒళ్లు మండింది.

"అన్నా, మిరపకోతల పాటలు నాలుగేళ్లు తిరిగి రికార్డు చేశా. ఈ రెండిట్లో తప్ప ఇంకెక్కడా లేవు. ఇప్పుడేది నొక్కినా తెరుచుకోవట్లా. పాడినోళ్లలో ఇద్దరు పోయారు కూడా."

"ఫార్మాట్ కొట్టలేదుగా?"

"లేదన్నా."

"మంచిపని చేశావమ్మా. అవి ఎటూ పోలా, వైరస్ దాచిపెట్టింది."

ఆ వైరస్‌ను నెట్ సెంటర్ నుంచి మోసుకొచ్చింది ఎర్రదే. తప్పు దానిది, చాకిరీ నాది. గంటసేపు మూలమూలా గాలించాను. దాక్కున్న పాటలన్నీ బయటపడ్డాయి.

"రెంటినీ పూర్తిగా కడగాలి. అప్పటిదాకా ఇవి దీంట్లో ఉండనీ" అంటూ జిలానీ నా మీట వెనక్కి జరిపాడు.

నా జన్మలో అదే మొదటిసారి. పాటలు ఒక్కొక్కటే లోపలికి వచ్చాయి. ఒక ముసలమ్మ పాడుతూ పాడుతూ మిరప ఘాటుకు దగ్గి, నవ్వి, మళ్లీ అందుకుంది. ఆ నవ్వు నాలో ఉన్నంతసేపూ నాకు ఎవరిమీదా అసూయ కలగలేదు.

సాయంత్రానికి పాటలన్నీ ఎర్రదానిలోకి, ల్యాప్‌టాప్‌లోకి వెళ్లిపోయాయి. సుహాసిని ఎర్రదాన్ని కళ్లకద్దుకుని మెడలో వేసుకుంది. నన్ను జిలానీ వైపు నెట్టింది. ఒకరి సొత్తు తన దగ్గర ఉంచుకోకూడదన్నది అతని పద్ధతి. నాలోని పాటలు చెరిపేసి, మళ్లీ మీట వేశాడు.

జబ్బు నయంచేసే పుట్టుక నాది. ఈ మాట అనకూడదని తెలుసు. అయినా ఆ ఎర్రదానికి మళ్లీ వైరస్ పట్టాలని రోజూ కోరుకుంటున్నాను.