సోమవారం సెలవు

జీడిపప్పు ఫ్యాక్టరీ నుంచి వచ్చే ఆటోలు రోజూ రామమందిరం దగ్గర ఆడవాళ్ళని దింపి వెళ్ళిపోతాయి. ఆ శుక్రవారం సాయంత్రం మాత్రం రెండు ఆటోలూ తిన్నగా పంచాయతీ ఆఫీసు ముందుకొచ్చి ఆగాయి. సర్పంచ్ దమయంతి అప్పుడు వీధి కుళాయి సంగతి ఎవరితోనో మాట్లాడుతోంది. అందరికంటే ముందు దిగిన సత్యవేణి, చేతిలో సంచి కింద పెట్టకుండానే గుమ్మంలోంచి అడిగింది.

"వదినా, సోమారం ఓట్లు కదా. మాకు సెలవుందా, నేదా?"

"ఉంది. ఓటున్న పెతి మనిషికీ ఉంది. ఆ రోజు కూలి కూడా కొయ్యకూడదు. ఏటి, ఏమయ్యింది?"

"సెలవు నేదంట. ఎప్పట్లాగే పొద్దున్న వచ్చీమన్నారు. సాయంత్రం ఓ గంట ముందు వదిలేత్తారంట. పలాస నుంచి మనం ఇక్కడికొచ్చి లైన్లో నిలబడీసరికి గేటు మూసేత్తారు."

వెనకున్న ఆడవాళ్ళంతా ఒక్కసారే మాట్లాడటం మొదలుపెట్టారు. పోయినసారీ ఇలాగే అయిందని ఒకరు, అడిగితే పనిలోంచి తీసేస్తారేమోనని ఇంకొకరు. దమయంతి చెయ్యెత్తి ఆపింది.

"రేపు నానెల్తాను. ఢిల్లీరావు గారితో నానే మాట్లాడతాను."

ఆ మాట అనేశాక గాని ఆమెకి ఇంట్లో ఉన్న మావ గుర్తుకు రాలేదు.

సీతాపుట్టుగ, మందసకీ సముద్రానికీ మధ్య ఉన్న ఊరు. కొబ్బరి, జీడి తోటలు తప్ప ఇంకో ఆధారం లేదు. ఉద్దానంలో చాలా ఊళ్ళకి లాగే ఈ ఊరికీ కిడ్నీ జబ్బు పట్టుకుంది. దమయంతి మామగారు పైడయ్యతో పాటు మరికొందరు వారానికి మూడుసార్లు పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకోవాలి. బస్సులో వెళ్ళి రావడం వాళ్ళ వల్ల కాదు. అందుకని ఫ్యాక్టరీ యజమాని ఢిల్లీరావు తన తల్లి పేరు మీద ఒక వేన్ పెట్టాడు. ఒక్క పైసా తీసుకోడు. ఆ వేన్ ఏనాడూ ఆలస్యంగా రాలేదు.

ఇంటికి వెళ్ళి విషయం చెప్పగానే ఆమె భర్త జగదీష్ కొబ్బరి పీచు దులుపుకుంటూ లేచాడు.

"నువ్వెళ్ళి సెలవడుగుతావు. ఆయనకి కోపమొత్తాది. వేన్ ఆపీత్తే మా నాన్నని ఎలా తీసుకెల్తావు?"

"ఆపుతాడని ఎవులు సెప్పేరు?"

"ఆపడని ఎవులు సెప్పేరు?"

దమయంతి లోపలికెళ్ళి మర్నాటికి మామగారి సంచి సర్దింది.

మర్నాడు పైడయ్యని తీసుకెళ్ళడానికి వేన్ వచ్చింది. డ్రైవరు "రండి మేడమ్, మీరూ పలాసే కదా" అన్నాడు. ఆమె ఎక్కలేదు. అడగబోయేది ఆయన్ని, ఎక్కేది ఆయన బండా అనిపించింది. మందస దాకా నడిచీ, ఎవరి బండి మీదో ఎక్కీ, అక్కడ పలాస బస్సు పట్టుకుంది.

ఫ్యాక్టరీ ఆవరణ అంతా వేయించిన జీడిపిక్కల వాసన. షెడ్డులో వరసగా కూర్చుని పిక్కలు కొడుతున్న ఆడవాళ్ళు ఆమెని చూసి ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. సత్యవేణి తలెత్తలేదు గాని, ఆమె చేతిలో కర్ర ఆగిపోయింది.

ఢిల్లీరావు మర్యాదస్తుడు. కుర్చీలోంచి లేచి ఎదురొచ్చాడు. మజ్జిగ తెప్పించాడు. పైడయ్య ఆరోగ్యం అడిగాడు. ఆమె వచ్చిన పని చెప్పాక మాత్రం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"మంగళవారం లోడు వెళ్ళాలమ్మా. ఒక్కరోజు ఆగితే సరుకు కొన్న పార్టీ దగ్గర నా మాట పోతుంది. ఈ ఒక్కసారికి సర్దుకోమనండి."

"లోడు ఒక్క రోజు ఆగుద్ది బాబూ. ఈ ఓటు పోతే మళ్ళీ ఐదేళ్ళు ఆగాల."

"మీ ఊరికి నేనేం తక్కువ చేశానమ్మా?"

ఆయన గొంతులో కోపం కంటే బాధే ఎక్కువగా వినిపించింది. దమయంతి మజ్జిగ గ్లాసు పక్కన పెట్టింది. దారంతా బస్సులో కూడబలుక్కున్న మాటలేవీ గుర్తు రాలేదు. నోటికొచ్చిందే చెప్పింది.

"ఏటీ తక్కువ సెయ్యలేదు. మా మావ ఇయాల తిరుగుతున్నాడంటే మీ వేను కూడా ఒక కారణం. ఆ మాట ఎక్కడైనా సెప్తాను. కాని బాబూ, దానం మీ మనసు. ఇత్తారు, రేపు వద్దనుకుంటే మానేత్తారు, అడగడానికి నానెవుల్ని. సెలవు అలాక్కాదు. అది ఆలకి చట్టం ఇచ్చింది. ఇంక ఓటంటారా, అది మీదీ కాదు, నాదీ కాదు. సర్పంచునైనా సరే, దాని జోలికెళ్ళడానికి నాకు అదికారం నేదు. ఈ మూడూ ఒక్క సంచిలో ఏసి కలిపీకూడదు."

ఢిల్లీరావు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "ఆలోచిస్తాను" అని మాత్రం అన్నాడు.

గేటు దాకా మేనేజరు వెంట వచ్చాడు. నవ్వుతూనే అన్నాడు. "అందరికీ సెలవంటే వేన్ డ్రైవరుకీ ఇవ్వాలి కదండీ. ఒకసారి సెలవు అలవాటైతే మరి ఎన్నాళ్ళు తీసుకుంటాడో."

దమయంతి రోడ్డెక్కి బస్సు పట్టుకుంది. 

ఆ సాయంత్రం పంచాయతీ ఆఫీసు ముందు ఊరంతా పోగైంది. దమయంతి ఏదీ దాచలేదు. తను అడిగింది, ఆయన అన్నది, గేటు దగ్గర మేనేజరు అన్నది, అన్నీ చెప్పింది.  వేన్‌లో వెళ్ళే వాళ్ళ ఇంటి మనుషులు తలలు దించుకున్నారు. సత్యవేణి నెమ్మదిగా అంది. "పోనీలే వదినా. మా ఓటు కోసం ఆల పేణాలమీదికి తేవద్దు."

అప్పుడు వెనక నుంచి దగ్గు వినిపించింది. పైడయ్య. డయాలసిస్ అయిన రోజు మంచం దిగని మనిషి, గోడ పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. ఎవరో కుర్చీ వేశారు. కూర్చోలేదు.

"నా రగతం కడిగించుకోడానికి ఈ ఆడపిల్లలు నోరు కుట్టీసుకోవాలా? ఓటు కూడా ఏసుకోకూడదా? అలాటి వేను నాకొద్దు. మనూర్లో ఆటోల్లేవేటి?"

సత్యవేణి భర్త రమేష్‌ది ఆటోయే. అతను చటుక్కున ముందుకొచ్చాడు. "నాకు డీజిలు పోయిత్తే చాలు తాతా. నానే తీసుకెల్తాను."

"వారానికి మూడుసార్లు డీజిలు ఎవులు పోత్తారు?" అని ఎవరో అన్నారు.

జవాబు జగదీష్ దగ్గర్నుంచి వచ్చింది. దమయంతి ఆశ్చర్యంగా భర్త వైపు తిరిగింది.

"తిత్లీ తుపానుకి తోటలు పడిపోయేక ఏసిన కొబ్బరి మొక్కలు ఇప్పుడే కాపుకొచ్చాయి కదా. మా తోటలో ఒక సెట్టు ఊరి పేరున ఒదిలీత్తాను. దాని కాయలు మా ఇంటికి రావు. ఆటోకే. ఇంటికొక సెట్టు ఒదిలితే డీజిలు రాదేటి?"

 మేమూ ఇత్తామన్న కేకల్లో ఎవరి మాట ఎవరికీ వినిపించలేదు.

ఆదివారం పొద్దున్నే సున్నం కలిపిన బకెట్లతో ఊరు తోటల మీద పడింది. దానమిచ్చిన చెట్టు మొదలుకి సున్నంతో పట్టీ వెయ్యాలని సత్యవేణి ఆలోచన. ఆదివారం సెలవు కావడంతో ఫ్యాక్టరీ ఆడవాళ్ళంతా తోటల్లోనే ఉన్నారు. "మా సెట్టుకి ఎన్ని గెలలున్నాయో సూడు" అని ఒకరు పిలిస్తే, "మాది సూసి మాటాడు" అని పక్క తోటలోంచి ఇంకొకరు. ఒకాయన గెల వెయ్యని చెట్టుని చూపించబోయాడు. అందరూ పైకి చూసి, ఆయన వైపు చూశారు. ఆయన భార్యే బకెట్ లాక్కుని వెళ్ళి, ఉన్నవాటిలో బాగా కాసిన చెట్టుకి పట్టీ వేసింది. నవ్వులు సముద్రం గాలితో కలిసి తోటలు దాటాయి.

ఊరి చివర లక్ష్మమ్మకి ఉన్నవే రెండు చెట్లు. దమయంతి ఆ గుమ్మం దాటి వెళ్ళిపోబోయింది. ముసలామె కర్ర అడ్డం పెట్టింది.

"నా సెట్టు పనికి రాదేటమ్మా?"

"అది కాదు పిన్నీ, నీకున్నవే రెండు."

"రేపు నాకే ఆ జబ్బొత్తే? ఆటో ఎక్కినప్పుడు తలెత్తుకుని ఎక్కాల కదా. ఎయ్యి సున్నం."

దమయంతి తనే బ్రష్ తీసుకుని పట్టీ వేసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళూ దానం అంటే ఎవరో పెద్దవాళ్ళు పైనుంచి ఇచ్చేదని, సర్పంచ్ పని వాళ్ళ ఇంటికి వెళ్ళి అడిగి తేవడమని అనుకుంది. రిబ్బను కత్తిరించడానికి పిలిచింది, శాలువాలు కప్పింది. అదేమీ తప్పు కాదు. కాని ఈ పొద్దున ఇచ్చేవాళ్ళూ పుచ్చుకునేవాళ్ళూ ఒకళ్ళే అయ్యాక, ఊరికి కొత్తగా వెన్నెముక వచ్చినట్టుంది.

మధ్యాహ్నానికి సత్యవేణి, చుట్టూ తోటి ఆడవాళ్ళు గుమిగూడి ఉండగా, మేనేజరుకి ఫోన్ చేసింది. అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టింది.

"సార్, సోమారం మేము రాము. ఎవులమూ రాము. మంగళారం ఓ గంట ముందే వచ్చి లోడు సంగతి సూత్తాము. సోమారం కూలి మాత్రం కొయ్యకండి, అది మా అక్కు."

  "మా సార్‌తో చెప్తాను" అన్న మాట వచ్చి ఫోన్ ఆగిపోయింది.  సత్యవేణి ముఖం వెలిగిపోతోంది.

పొద్దు వాలకముందే ఢిల్లీరావు దమయంతికి స్వయంగా ఫోన్ చేశాడు.

"సర్పంచ్ గారూ, రేపు సెలవు. కూలి కొయ్యం. నేనిచ్చానని మీ ఊళ్ళో చెప్పండి."

 

"సంతోషం బాబూ. కాని మీరిచ్చారని సెప్పను. చట్టం ఇచ్చింది, మీరు దాన్ని పాటించారని సెప్తాను. వేను మాత్రం మీరిచ్చారు. అది మీరే ఇచ్చారని పదిమందిలో సెప్తాను."

 ఆయన చిన్నగా నవ్వాడు.

"వేన్ ఆపుతానని ఎవరన్నా అన్నారా మీతో?"

"అన్నారు."

"మా అమ్మ పేరు మీద తిరిగే బండి అది. దాన్ని బేరానికి పెడతానా? ఆ అన్నవాడితో నేను మాట్లాడతాను. మంగళవారం వేన్ వస్తుంది."

"రానివ్వండి బాబూ. ఆటో కూడా సిద్దంగా ఉంటుంది. మీ బండి మరమ్మతుకెళ్ళిన రోజు పనికొత్తాది."

ఫోన్ పెట్టేసి ఆమె వీధిలోకి పరుగెత్తింది. చెప్పాల్సిన పని లేకపోయింది. ముఖం చూసే అందరికీ అర్థమైంది.

సోమవారం తెల్లవారేసరికే స్కూలు వరండా నిండిపోయింది. ఫ్యాక్టరీ ఆడవాళ్ళు పెళ్ళికి కట్టుకునే చీరలు కట్టుకుని వచ్చారు. పైడయ్యని ముందుకు పంపబోతే, "ఎండెక్కనేదు కదా, నిలబడతాను" అని కొడుకు భుజం పట్టుకుని వరసలోనే నిలబడ్డాడు. కుర్రకోడళ్ళిద్దరు దమయంతి చెవిలో అడిగారు.

"అత్తా, ఎవులికెయ్యమంటావు?"

"అది నన్నడక్కూడదు. నానెవులికేత్తానో మీ మావకే సెప్పనేదు."

పక్కనే ఉన్న జగదీష్ "నిజమే, రాత్రంతా అడిగేను" అనడంతో వరసంతా నవ్వింది. లోపల్నుంచి పోలింగ్ ఆఫీసరు తల బయటపెట్టి చూశాడు.

సత్యవేణి వంతు వచ్చింది. సిరా గుర్తు పెట్టే గుమస్తా ఆమె వేలు పట్టుకుని ఆగిపోయాడు. జీడి రసంతో ఆ వేలు అప్పటికే నల్లగా మాడిపోయి ఉంది. సిరా ఎక్కడ పెట్టినా కనిపించేలా లేదు. అతను వెతికి వెతికి గోరు మీద, గోరు కింద చర్మం మీద కలిపి ఒక పొడుగాటి గీత గీశాడు. ఆమె దాన్ని ఆరనిస్తూ, వేలు నిటారుగా పట్టుకుని బయటికొచ్చింది. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు అలాగే వచ్చారు.

ఓట్లు వేసేశాక, ఇంకా పొద్దు చాలా ఉండగానే, వాళ్ళకేం చెయ్యాలో తోచలేదు. కూలి తెగకుండా ఖాళీగా ఉన్న రోజు వాళ్ళలో ఎవరికీ ఇదివరకు లేదు.

"సముద్రానికెల్దామా?" అంది సత్యవేణి.

ఊరికి కూతవేటు దూరంలో ఉన్న సముద్రాన్ని చూసి ఎన్నేళ్ళయిందో ఎవరూ చెప్పలేకపోయారు. రమేష్ ఆటో తీశాడు. అందులో పట్టనివాళ్ళు నడిచారు. దమయంతి పంచాయతీ ఆఫీసు తాళం జగదీష్ చేతిలో పెట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని వాళ్ళ వెనకే ఇసకలోకి దిగింది. ముందున్నవాళ్ళు అప్పటికే పట్టుచీరలు మోకాళ్ళ దాకా ఎత్తిపట్టుకుని, కెరటం వస్తుంటే కేకలేస్తూ వెనక్కి పరుగెడుతున్నారు.