సాక్షి సంతకం

ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేసే మెకానిక్‌కు రెండు నియమాలున్నాయి. తన చేయి పడిన ప్రతి మిషనుకూ ఒక అట్టకార్డు వేలాడదీస్తాడు. ఎవరు విప్పినా, ఎవరు బిగించినా, ఊరికే మూత తీసి చూసినా సరే, చేసింది రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాలి. రెండోది ఇంకా గట్టిది. తనది కాని మిషను కార్డు చదవకూడదు. పరాయి ఇంట్లో కుండ మూత తీసి చూడటంతో సమానం అనేవాడు.

ఆ రెండో నియమమే అతని కొంప ముంచింది.

ఐదేళ్ళ కిందట భార్యకు రక్తంలో జబ్బు బయటపడింది. వాడబోయే మందులు ఘాటువి, ఆ తర్వాత పిల్లలు పుట్టకపోవచ్చు అన్నారు ఆసుపత్రిలో. ముందే అండాశయం నుంచి కొంత తీసి గడ్డకట్టించి దాచితే, జబ్బు తగ్గాక తిరిగి లోపల అమర్చి చూడొచ్చన్నారు. తీశారు. గోరంతేసి ముక్కలు. వాటిని పొగలు కక్కే నైట్రోజన్ ట్యాంకులోకి దించుతుంటే మెకానిక్ అద్దానికి ఇవతల నిలబడి చూశాడు. చల్లదనమే అతని తిండి. అంత చల్లదనాన్ని మాత్రం అతనెప్పుడూ చూడలేదు.

ఆ గది ఏసీ పని ఆ నెల నుంచి అతనే చూశాడు. ల్యాబులో పనిచేసే ఆమె కూలి మాటెత్తితే, "నా పిల్లలుండే గదికి నాకు కూలేంటమ్మా?" అన్నాడు. ఆమె నవ్వింది. కొన్నేళ్ళకు ఆమె నవ్వడం మానేసింది. పని ఒత్తిడి అనుకున్నాడు.

ఏడాదిన్నరకు జబ్బు తగ్గింది. "ఇంకెప్పుడు?" అని అడిగితే, "ఇంకా ఆగమన్నారు" అనేది భార్య. ఎప్పుడడిగినా అదే మాట. అడగడం మానేసి, వెనక చిన్న గదిలో తన సామాను ఖాళీ చేసి రంగు వేశాడు. లేతాకుపచ్చ. ఆమే ఎంచింది. తర్వాత జబ్బు తిరగబెట్టింది. ఆమె పోయి నాలుగు నెలలైంది.

ఇవాళ ల్యాబుకు వెళ్ళి సంచి కింద పెట్టాడు.

"అమ్మా, మా ఆవిడవి ఆ ముక్కలు నాకిచ్చెయ్యండి. పిల్లలు రారని నాకూ తెలుసు. తనవి ఇంక అవేగా మిగిలింది."

ల్యాబులో ఆమె ట్యాంకుకు వేలాడుతున్న కార్డును అతని వైపు తిప్పింది.

"అది నా మిషను కాదమ్మా."

"చదవండి మెకానిక్ గారూ. చెప్పే ధైర్యం నాకు లేదు."

చదివాడు. మూడో వరుస, ఏడో డబ్బా. రోగి కోరికపై తీసి పారవేయడమైనది. కింద భార్య సంతకం. సాక్షి అన్నచోట ఆమె తమ్ముడి సంతకం. తేదీ చూసి వేళ్ళ మీద లెక్కపెట్టాడు. ఇరవై ఏడు నెలలు. అన్ని నెలలూ ఈ కార్డుకు మూరెడు దూరంలో నిలబడి, ఊళ్ళోవాళ్ళ పిల్లలకు కాపలా కాశాడు.

సంచి విప్పి ఏసీ చూశాడు. మిగతావాళ్ళవి ఉన్నాయి కదా. తన కార్డులో తేదీ వేసి, సంతకం పెట్టి బయటపడ్డాడు.

బావమరిది దర్జీ. చొక్కా చేతులు కత్తిరిస్తున్నాడు.

"రా బావా, కూర్చో. టీ చెప్తా."

"నీ సంతకం బాగుందిరా. గుండ్రంగా, చిన్నపిల్లలు కూడా చదివేలా ఉంది."

కత్తెర ఆగింది. ఏ సంతకమని దర్జీ అడగలేదు.

"అక్క ఒట్టు వేయించుకుంది బావా."

"ఎందుకు పారేయించింది?"

"ఆ ముక్కల్లోనూ జబ్బు నక్కి ఉండొచ్చట. తిరిగి పెడితే దాన్నీ లోపలికి పంపినట్టేనట. మీకు పెట్టలేం అని డాక్టర్లు తేల్చేశారు. అక్క అక్కడికక్కడే పారేయమని సంతకం పెట్టింది."

"నాకో మాట చెప్పొచ్చుగా?"

"చెబితే నువ్వు చచ్చిపోతావంది."

"నేను చావలేదు. తనే చచ్చింది."

"అలా అనకు బావా. నీ మొహం చూసి జాలిపడింది."

"జాలి కుక్క మీద పడతారు. మొగుడికి నిజం చెబుతారు."

రంగు వేసిన ఆదివారం గుర్తొచ్చింది. కార్డు మీద తేదీ పడ్డ వారమే అది. తను నిచ్చెన మీద ఉన్నాడు. "ఆలూ లేదు, చూలూ లేదు..." అంటూ గుమ్మంలో ఎకసెక్కం మొదలుపెట్టాడు ఈ దర్జీ. అక్క ఉరిమి చూసింది. కొడుకు పేరు దాకా పోకుండా సామెత మింగేశాడు. ఆ రోజు ఆ గదిలో నవ్వింది తనొక్కడే. నమ్మి నానబోస్తే పుచ్చిపోయాయంటారు. అతనికి పుచ్చినవి కూడా మిగల్చలేదు.

"లే. మా ఇంటికి రా."

"ఇప్పుడా? కొలతలకు మనుషులొస్తారు బావా."

"నీ కొలతలు చూశాలే. లే."

వెనక గది తలుపు తీశాడు. లేతాకుపచ్చ గోడలు. మరే వస్తువూ లేదు. జేబులోంచి కొత్త అట్టకార్డు తీసి, తీగతో గడియకు కట్టి, తలుపుకానించి రాశాడు. తెరిచి చూశాను. ఏమీ లేదు. తేదీ వేసి, సంతకం పెట్టి పెన్ను అందించాడు.

"సాక్షి దగ్గర పెట్టు."

"ఇదేంటి బావా? పోయినావిడ మీద కక్షా?"

"నీకు చేతనైన పనే చెప్పాను. పెట్టు."

దర్జీ పెట్టాడు. ఈసారి గుండ్రంగా రాలేదు. మెకానిక్ కార్డు అందుకుని, కొత్త పనివాడి రాతను చూసినట్టు పైనుంచి కిందికి చూశాడు.

"తేదీ వెయ్యలేదు."

"ఇవాళ ఎంత బావా?"

"ఇవాళ్టిది నాది. నీకు తెలిసిన రోజుది నువ్వు వెయ్యి."

దర్జీ తల వంచుకుని, తడుముకోకుండా వేశాడు. మెకానిక్ దాన్ని చదివి, వీధి తలుపు బార్లా తీసి పక్కకు నిలబడ్డాడు.

"ఇంక మా గడప తొక్కకు."